మాటలేని రాకుమారుడు

నా చిన్నప్పుడు మా నాన్న రాజు. ఏడాదిలో ఓ నాలుగైదు సార్లే లెండి. మిగతా రోజులన్నీ విశాఖపట్నం ఓడరేవులో కళాసీ. ఓడలోంచి దిగే సరుక్కి తాళ్లు బిగించి, ఎత్తమనీ దించమనీ క్రేను మీదున్నవాడికి వినబడేలా కేకలెయ్యడం ఆయన పని. ఆ కేకలతోనే గొంతు అంతగా సాగిందని మల్కాపురంలో చెప్పుకునేవారు. అట్టకిరీటం పెట్టుకుని, వెండి కాగితం అంటించిన కత్తి పట్టుకుని నాన్న పద్యం ఎత్తుకుంటే, చాపల మీద నిద్రపోయిన పిల్లలు లేచి కూర్చునేవాళ్లు. అంత గొంతున్న మనిషి ఇంట్లో మాత్రం మూడు ముక్కలకు మించి మాట్లాడేవాడు కాదు.

మా పేటలో ఒక నాటక సమాజం ఉండేది. ఓడరేవులో పనిచేసేవాళ్లు, ఆయిల్ కంపెనీలో పనిచేసేవాళ్లు కలిసి పెట్టుకున్నది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అమ్మవారి పండగలకు పిలిపించుకునేవారు. ఏ ఊరు వెళ్లినా జనం అడిగేది ఒకటే నాటకం. దాన్ని మావాళ్లు రాజుగారి నాటకం అనేవారు. ఎప్పటిదో, తాతల నాటిది. చూడ్డానికి వచ్చేవాళ్లలో సగం మందికి పద్యాలు నోటికి వచ్చు. అయినా మళ్లీ చూస్తారు, మళ్లీ ఏడుస్తారు.

కథ పెద్దదేమీ కాదు. ఒక రాజు. మంచివాడే, కానీ ఒక మాట అన్నాడంటే వెనక్కి తీసుకోడు. అది ఆయనకు గొప్ప. ఆయనకో రాణి. పొరుగు రాజ్యంలో ఉన్న ఆమె తమ్ముడికి జబ్బు చేస్తుంది. ఆ రాజ్యంతో వీళ్లకు అప్పుడు యుద్ధం, అందుకని రహస్యంగా ఒక మందుల మూట పంపిస్తుంది. కోట గుట్టు శత్రువులకు చేరవేస్తోందని ఎవరో రాజు చెవిన వేస్తారు. రాజు ఆమెను నిండు సభలో నిలబెట్టి, మూటలో ఏముందని అడుగుతాడు. నలుగురిలో అడిగాడన్న రోషంతో రాణి పెదవి విప్పదు. ఆ మూట విప్పి చూసిన మంత్రి పక్కనే ఉంటాడు. అందులో ఉన్నవి ఆకులూ వేళ్లేనని ఆయనకు తెలుసు. రాజు కోపంలో ఉన్నాడు, ఇప్పుడెలా చెప్పేది, రేపు చెబుదాం అనుకుంటాడు. ఇక ఈ కోట గుమ్మం నీకు తెరుచుకోదని రాజు అనేస్తాడు. రాణి వెళ్లిపోతుంది. వాళ్ల చిన్నకొడుకు తల్లిని వెతుక్కుంటూ కోట దాటిపోయి, ఏటి వరదలో పడి చనిపోతాడు. ఆ పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని రాజు పాడే పద్యాలతో నాటకం ముగుస్తుంది. మంత్రి నిజం చెప్పేది అప్పుడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మది సబ్బవరం. ఆ ఏడు మా చిన్నమావయ్య పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికి పిలవడమంటే మనిషి ఇంటికి రావాలి, ఆడవాళ్లకు బొట్టు పెట్టాలి, మగవాళ్లను పేరు పెట్టి రమ్మనాలి. అలా పిలవకపోతే తోడబుట్టినవాళ్ల ఇంటికైనా వెళ్లరు. పెళ్లి దగ్గరపడింది. మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. నాన్న చూసి చూసి, "బొట్టెట్టి పిలవని పెళ్లికి నాను రాను, నువ్వూ ఎల్లొద్దు" అన్నాడు. సొంత తమ్ముడి పెళ్లి, ఎలా మానుకుంటుంది? అమ్మ ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుంటుంటే నాన్న గుమ్మంలో నిలబడి, "ఎల్తే మరి ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "గుంటని ఒగ్గీ" అన్నాడు నాన్న, పిల్లను వదిలెయ్యమని. అమ్మ నా చెయ్యి వదిలేసి, పెట్టె తీసుకుని, బస్సెక్కడానికి వెళ్లిపోయింది.

పెళ్లి అయిపోయింది. అమ్మ తిరిగి రాలేదు. పిలిస్తే వస్తానని సబ్బవరం నుంచి కబురు చేసింది. అన్న మాట అన్నాను, మళ్లీ పిలవడమేటని నాన్న. సబ్బవరం ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. క్రేనును ఆపగలిగిన గొంతు ఉండి ఆయన ఒక్క మనిషిని పిలవలేకపోయాడు.

ఇంట్లో నేనూ, నాన్నా, నాన్నమ్మా మిగిలాం. నాన్న డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని తనలో తాను ఏదో గొణుక్కునేది. నేను వీధి అరుగు మీద కూర్చుని ఆయిల్ కంపెనీ గొట్టం చివర మంటను చూసేదాన్ని. అది ఎప్పుడూ ఆరదు కదా, అమ్మ వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చోవచ్చు అనుకునేదాన్ని. నాకు చాలా దిగులుగా ఉండేది. ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు. ఓడల కూత వినబడితే అందరూ ఎక్కడికో వెళ్లిపోతున్నట్టే అనిపించేది.

నాన్నమ్మకు చేతులు వణికేవి. నాకు జడ వెయ్యలేక, పేలు తియ్యలేక, ఓ ఆదివారం మంగలిని పిలిపించి నా జుట్టంతా తీయించి గుండు చేయించింది. బడిలో పిల్లలు నన్ను మగపిల్లాణ్ణి పిలిచినట్టు గుంటడా అని పిలవడం మొదలుపెట్టారు. అమ్మ ఉంటే నా జడ ఉండేది కదా అని ఏడ్చాను. కానీ ఆ గుండే నన్ను నాటకంలోకి తీసుకెళ్లింది.

మా సమాజానికి గురువు హార్మోనియం మేస్టారు. గోదావరి జిల్లా నుంచి ఓడరేవులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. పెళ్లాం పిల్లలు లేరు. మా వీధి చివర ఒక్క గదిలో ఉండేవారు. నాటకం నేర్పేదీ ఆయనే, శ్రుతి పట్టేదీ ఆయనే. రాకుమారుడి వేషం వేసే కుర్రాడికి ఆ ఏడు గొంతు బొంగురుపోయి మీసం మొలిచింది. ఇంకో పిల్లాడి కోసం వెతుకుతూ ఆయన అరుగు మీద కూర్చున్న నన్ను చూశారు. "ఏవమ్మా, రాకుమారుడివి అవుతావా?" అని అడిగారు. నేను ఆడపిల్లనన్నాను. "మన రాణీగారు ఆయిల్ కంపెనీలో ఫిట్టరు. నువ్వు ఆడపిల్లవైతే వచ్చిన నష్టమేముంది?" అన్నారు. నిజమే. పండగ రోజులు వస్తున్నాయంటే ఆ ఫిట్టరు మావయ్య మీసం తీసేసి, పై పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగేవాడు.

సాయంత్రాలు రేకుల షెడ్డులో రిహార్సలు జరిగేది. రాజు కొడుకును దగ్గరకు తీసుకుని "నాయనా, నా కంటి వెలుగా" అనే ముక్క ఒకటి మొదటి అంకంలో ఉంది. ఇంట్లో నా వైపు చూడని మా నాన్న, ఆ ముక్క వచ్చేసరికి నా భుజం మీద చెయ్యి వేసి, గడ్డం పట్టుకుని, ఎంతో ప్రేమగా అనేవాడు. అది నాటకమని నాకు తెలుసు. తెలిసినా, ఆ ఒక్క ముక్క కోసం రోజూ పరిగెత్తుకెళ్లేదాన్ని. అది అయిపోగానే నాన్న చెయ్యి తీసేసి, బీడీ వెలిగించుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

నా వేషం చిన్నది కాబట్టి మిగతా సమయమంతా మేస్టారి హార్మోనియం పక్కన కూర్చునేదాన్ని. ఓ రోజు ఆయనతో మంత్రి చెడ్డవాడని అన్నాను. "ఏం చేశాడు?" అన్నారు. తెలిసీ చెప్పలేదన్నాను. "మీ ఇంట్లో నువ్వు గ్లాసు పగలగొట్టిన రోజున మీ నాన్నమ్మకు వెంటనే చెప్పేశావా?" అని అడిగారు. చెప్పలేదు మరి. మర్నాడు వెళ్లి రాజు చెడ్డవాడన్నాను. మాట మీద నిలబడే మనిషిని ఊళ్లో ఎవరైనా చెడ్డవాడంటారా అన్నారు. ఆ తర్వాత రాణి మీద పడ్డాను. ఏ తప్పూ చెయ్యనిదాన్ని, దొంగలా నిలబెట్టి అడిగితే నేనెందుకు చెప్పుకోవాలి అనుకుంది, అది చెడ్డతనమా అన్నారు. నాకు కోపం వచ్చింది. మరి పిల్లాణ్ణి చంపిందెవరని అరిచాను.

మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ నాటకంలో దుర్మార్గుడు లేడమ్మా. ఉంటే ఎంత బాగుండేది! ఆఖర్న వాణ్ణి చంపేసి, హాయిగా ఇంటికి పోయేవాళ్లం" అన్నారు. అందరూ మంచివాళ్లేననీ, ఒక్కొక్కరిలో ఒక్కో చిన్న లోపం ఉందనీ చెప్పారు. రాజుకు తన మాట మీద మోజు. రాణికి రోషం. మంత్రికి భయం. వేరువేరుగా ఉంటే ఏ ఒక్కటీ ఎవరినీ చంపదు, ఆ సభలో మూడూ ఒక్కచోట చేరాయి అన్నారు. నాకు సగమే అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకు దుర్మార్గుడు కావాలి. నాటకంలో కాదు, మా ఇంట్లో. నాన్నమ్మ అమ్మదే తప్పనేది. పక్కింటావిడ నాన్నదే తప్పనేది. ఇద్దరిలో ఒకరు చెడ్డవాళ్లని తేలిపోతే వాళ్లను తిట్టుకుంటూ నిద్రపోయేదాన్ని.

ఆ సభ సీనులో రాకుమారుడు కూడా ఉంటాడు. రాజుకీ రాణికీ మధ్య నిలబడి ఉంటాడు, అంతే. ఒక్క మాట లేదు. ఉత్తినే నిలబడ్డం నాకు కష్టంగా ఉండేది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. "ఈ నాటకం రాసినాయన అందరికీ పద్యాలు పంచిపెట్టాడు, పిల్లాడి దగ్గరకొచ్చేసరికి మరిచిపోయాడు. నువ్వైతే ఏమంటావు?" అని మేస్టారు ఓ సాయంత్రం అడిగారు. అప్పటినుంచి అది మా ఇద్దరి ఆట అయిపోయింది. రిహార్సలు అయ్యాక ఆయన హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకునేవారు, నేను ఆ పిల్లాడి మాట చెప్పాలి. మొదటి రోజు చెయ్యెత్తి "ఓ జనకా, ఆగుము!" అన్నాను. మేస్టారికి నవ్వాగలేదు. "అది మీ నాన్న మాట, నీ మాట చెప్పు" అన్నారు. దెబ్బలాడుకోకండి అన్నాను. వాళ్లు దెబ్బలాడుకోవడం లేదే, ఊరికే నిలబడ్డారు కదా అన్నారు. ఎవరిది తప్పో చెప్పే మాటలు చాలా చెప్పాను. ఆయన అన్నిటికీ తల అడ్డంగా ఊపారు.

ఓ రోజు నాన్నమ్మకు జ్వరం. మధ్యాహ్నం వంట కాలేదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆ సాయంత్రం మేస్టారు మెట్టు నొక్కేసరికి నాకేమీ తోచలేదు. "మేస్టారూ, ఆకలేత్తంది" అన్నాను. ఆయన చెయ్యి మెట్టు మీద అలాగే ఉండిపోయింది. "అదేనమ్మా" అన్నారు. "దానికి రాజు దగ్గర పద్యం లేదు. ఆ మాట ఎవరికి తగిలినా లేచి వంటింట్లోకి వెళ్లాల్సిందే." నాకు తన గదిలోంచి అటుకులూ బెల్లమూ తెచ్చి పెట్టారు. అయితే సభ సీనులో ఈ మాట చెప్పనా అని అడిగాను. వద్దన్నారు. నాటకం ఉన్నదున్నట్టే ఉండాలి, జనం ఏడవడానికి వస్తారు అన్నారు.

అమ్మవారి పండగకు ఆ ఏడు మా సమాజానికి సబ్బవరం నుంచి పిలుపొచ్చింది. దానంతట అదే వచ్చిందో, మేస్టారు రప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న విని, "ఆ ఊరికి నాను రాను" అన్నాడు. "మీరు రాకపోతే రాజెవరండీ? జనం నా మీద రాళ్లేస్తారు" అన్నారు మేస్టారు. నాన్నకు ఆ మాట తియ్యగా తగిలింది. సరే, నాటకం ఆడి వచ్చేద్దాం, ఎవరి గుమ్మం తొక్కేది లేదన్నాడు. మేం బయల్దేరుతుంటే నాన్నమ్మ కూడా చీర మార్చుకుని వచ్చి లారీలో కూర్చుంది. ఎప్పుడూ నాటకం చూడని మనిషి ఎందుకొస్తోందో ఎవరికీ అర్థం కాలేదు.

సబ్బవరంలో స్టేజీ మీద నుంచి నేను ముందు అమ్మనే వెతికాను. ఆడవాళ్ల వైపు రెండో వరసలో, చిన్నమావయ్యను కట్టుకున్న కొత్త అత్త పక్కన కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నా గుండు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అటువైపు చూడకూడదని నాన్న చెప్పాడు. తను మాత్రం చూడకుండా ఉండలేకపోయాడు. సభ సీనులో, ఇక ఈ కోట గుమ్మం నీకు తెరుచుకోదని అనాల్సిన చోట గొంతు తడబడింది. అంత బాగా చేశాడని జనం చప్పట్లు కొట్టారు. నేను మధ్యలో నిలబడి నా చేతులు నేనే పట్టుకున్నాను.

పద్యనాటకానికి ఒక రివాజు ఉంది. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే మళ్లీ పాడాల్సిందే, చచ్చినవాడైనా లేచి పాడాల్సిందే. మా నాన్నకు ఆ అరుపు వినబడితే ఒళ్లు తెలియదు. ఆఖరి సీను వచ్చేసరికి తూర్పున తెల్లబడుతోంది. నేను చచ్చిపోయి నాన్న ఒళ్లో ఉన్నాను. ఆయన పద్యం పాడాడు. వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. మళ్లీ అన్నారు. నా ముక్కు మీద ఈగ వాలింది. కడుపులో పేగులు అరుస్తున్నాయి. కదిలితే రాజు పరువు పోతుందని ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను. నా చెంప మీద వేడిగా చుక్కలు పడ్డాయి. చెమట అనుకున్నాను. కళ్లు సందు చేసి చూస్తే నాన్న నిజంగానే ఏడుస్తున్నాడు.

తెర పడింది. ఊళ్లో కోళ్లు కూస్తున్నాయి. స్టేజీ వెనక నాన్న కిరీటం తీసి, రంగు ముఖంతో అలాగే నిలబడ్డాడు. తాటాకు తడిక దాటి అమ్మ లోపలికి వచ్చింది. నన్ను చూసిపోదామని వచ్చిందట. నాన్నను చూసి ఆగిపోయింది. నాన్న ఆమెను చూసి కత్తి చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. నాన్నమ్మ తడిక పక్కన చేరి నేల చూస్తోంది. ఇంకాసేపు అలాగే ఉంటే అమ్మ తిరిగి వెళ్లిపోతుందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే ఆమె అప్పటికే కొంగు భుజం చుట్టూ లాక్కుంటోంది. నేను వాళ్లిద్దరి మధ్యా ఉన్నాను. నాకు భయమేసింది. మేస్టారి వైపు చూశాను. ఆయన మూలన పెట్టె మీద కూర్చుని హార్మోనియం సర్దుకుంటున్నారు. నా వైపు చూడలేదు. ఒక మెట్టు మాత్రం నొక్కి పట్టుకున్నారు.

"అమ్మా, ఆకలేత్తంది" అన్నాను.

అమ్మ ఒక్క అంగలో వచ్చి నన్ను పట్టుకుంది. రంగు పూసిన ముఖాన్ని కడుపుకు అదుముకుంది. "పద, సల్దన్నం ఉంది" అంది. నా చెయ్యి పట్టుకుని తడిక దాకా వెళ్లి, అక్కడ ఆగింది. నాన్న వైపు తిరగలేదు. నాన్నమ్మతో, "అత్తా, మీరూ రండి. మీ అబ్బాయినీ రమ్మనండి. కాళీ కడుపుతో ఊరు దాటతారేటి" అంది. నాన్నమ్మ కొడుకు వైపు చూసింది. నాన్న కత్తిని తడికకు ఆనించి మా వెనకే నడిచాడు.

అమ్మమ్మ ఇంటి వసారాలో వరసగా కూర్చున్నాం. చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. మా చిన్నమావయ్య అమాయకుడు. నాన్న పక్కన కూర్చుని, "మా మీద కోపమేటి బావా, బొట్టెట్టి పిలిసినాం కదా, అయినా పెళ్లికి రానేదు" అన్నాడు. నాన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఎప్పుడు పిలిచారని అడిగాడు. తామొచ్చిన వేళకు నువ్వు డ్యూటీలో ఉన్నావనీ, అక్క నీళ్ల కుళాయి దగ్గరకు వెళ్లిందనీ, అక్క బొట్టుకని పెద్దావిడ చేతికి కుంకుమ ఇచ్చి అందరినీ రమ్మని చెప్పి వెళ్లామనీ మావయ్య చెప్పాడు. నాన్న తలెత్తి అమ్మ వైపు చూశాడు. అన్నాళ్ల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

"నీకు తెల్సా?"

"ఇక్కడికొచ్చినాక తెల్సింది."

"మరి సెప్పనేదేటి?"

"మీరు అడగనేదు కదా" అంది అమ్మ, మజ్జిగ ముంత కింద పెడుతూ.

అప్పుడు నాన్నమ్మ నోరు విప్పింది. "నాకు సెప్పే ఎల్లినార్రా. సాయంత్రం సెప్దామనుకున్నాను. నువ్వు డ్యూటీలో ఎవుడితోనో దెబ్బలాడొచ్చినావు. రేపు సెప్దామనుకున్నాను. ఈలోగా నువ్వు ఆ మాట అనీసినావు. మరింక నాకు భయమేసీసింది" అని కొంగుతో ముఖం కప్పుకుంది. ఇన్నాళ్లూ పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ గొణుక్కున్నది ఇదేనని నాకు అర్థమైంది.

అన్న మాట వెనక్కి తీసుకోని మనిషి ఒకరు, అడిగితే తప్ప చెప్పని మనిషి ఒకరు, రేపు చెబుదామనుకున్న మనిషి ఒకరు. రాజుగారి నాటకం మొత్తం ఆ వసారాలో కంచాల ముందు కూర్చుని ఉంది. ఒక్క దుర్మార్గుడు లేడు. రాకుమారుడు మాత్రం బతికే ఉన్నాడు, ఉల్లిపాయ కొరుకుతున్నాడు. నాన్న కోపం కోసం అందరం ఎదురుచూశాం. ఆయన అన్నంలో మజ్జిగ పోసి కలిపాడు. తర్వాత నాన్నమ్మ కంచం ఆవిడ ముందుకు జరిపి, "తినమ్మా" అన్నాడు. అమ్మ వైపు చూడకుండానే, "పన్నెండు గంటల బస్సుకి ఎల్దాం, పెట్టె సర్దుకో" అన్నాడు. ముందు మీరు తినండి అంది అమ్మ.

మేస్టారు మా వెంట రాలేదు. ఒక గిన్నెలో చద్దన్నం ఇచ్చి అమ్మ నన్ను పంపించింది. వెళ్లేసరికి లారీలోకి సామానెక్కించి, ఆయన ఖాళీ స్టేజీ అంచున ఒక్కరే కూర్చుని ఉన్నారు. మాట్లాడుకున్నారా అని అడిగారు. మాట్లాడుకున్నారన్నాను. తలూపి, గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటూ, తానూ తమ్ముడూ ఒకే ఇంట్లో గోడకు చెరోవైపు ఉండి ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదని చెప్పారు. దేనికని అడిగాను. ఇప్పుడు గుర్తు లేదమ్మా అన్నారు. "మా ఇంట్లో ఆకలేస్తోందని అడగడానికి చిన్నపిల్లలు లేకపోయారు" అన్నారు. మీ తమ్ముడు ఇప్పుడెక్కడున్నారని అడిగాను. లేడన్నారు. గిన్నె కడిగి నా చేతికిచ్చారు.

అమ్మ మా ఇంటికి వచ్చేసింది. నా జుట్టు పెరిగింది. మరుసటి ఏడు నాకు చెల్లెలు పుట్టింది. ఆ పొద్దున్న అందరం కలిసి చద్దన్నం తినబట్టే నువ్వు పుట్టావని దాన్ని ఏడిపించేదాన్ని. మేస్టారు రిటైరై గోదావరి వైపు వెళ్లిపోయారు. ఆయన ఎన్నాళ్లు ఉన్నారో, ఎవరి దగ్గర ఉన్నారో తెలియదు. నాన్నా అమ్మా పోయి చాలా కాలమైంది. రేకుల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు లారీలు ఆపుతున్నారు. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి, రిటైరయ్యాక పోయారు. నేను గాజువాకలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రమైతే టీవీ గొంతు తప్ప ఇంట్లో మరో గొంతు ఉండదు.

చెల్లెలు రుషికొండ దగ్గర కూతురింట్లో ఉంటుంది. పోయిన ఏడాది దాని మనవరాలికి ఓణీలిచ్చారు. నాకు ఫోన్లో ఒక కార్డు బొమ్మ వచ్చింది, అంతే. ఎవరూ గుమ్మంలోకి రాలేదు, బొట్టు పెట్టలేదు. అక్కనైన నాకు ఇదా మర్యాద అనుకున్నాను. వెళ్లలేదు. అక్క రాలేదని దానికి కోపం. దాని మోకాళ్లు బాగాలేవనీ, అందుకే ఎవరింటికీ వెళ్లి పిలవలేకపోయిందనీ తర్వాత ఎవరో చెప్పారు. ముందు అదే చెప్పొచ్చు కదా అని నేను. ముందు అక్కే అడగొచ్చు కదా అని అది. నాన్న పోలికా అమ్మ పోలికా మాకిద్దరికీ బాగానే వచ్చాయి. అలా నెలలు గడిచిపోయాయి. మా ఇద్దరి మధ్యా నిలబడి చేతులు పిసుక్కునే చిన్నపిల్ల ఎవరూ లేరు.

ఓ మధ్యాహ్నం ఊరికే కూర్చుంటే మేస్టారు తన తమ్ముడు లేడని చెప్పి, గిన్నె కడిగి నా చేతికిచ్చిన సంగతి గుర్తొచ్చింది. మెట్టు నొక్కడానికి ఆయన లేరు. నేనే ఫోన్ తీసి చెల్లెలికి చేశాను. పరాయివాళ్లతో అన్నట్టు హలో అంది. తప్పెవరిదో చెప్పే మాటలు గొంతుదాకా వచ్చాయి. మింగేశాను.

"ఒలే, ఆకలేత్తందే" అన్నాను.

అవతల వంటవుతున్నట్టుంది. కుక్కరు కూత ఒకటి వినబడింది. ఆ తర్వాత, "ఇంతవరకూ తిన్నేదేటి? ఏటీ వండుకోనేదేటి? ఒంట్లో బాగుందా నేదా?" అని ఒకటే గదమాయింపు. గొంతు మా అమ్మదే. "ఉండు, నాను ఒత్తన్నాను" అని పెట్టేసింది.

నిజానికి నేను అప్పుడే భోంచేసి చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. ఆ మోకాళ్లతో రెండు బస్సులు మారి, క్యారేజీ పట్టుకుని అది మెట్లెక్కుతుంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. లోపలికి వస్తూనే కంచం పెట్టి, నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. తిన్న సంగతి చెప్పలేదు. ఇంకొంచెం వెయ్యనా అని అడిగితే వెయ్యమన్నాను.